కడిగే రోజు గుర్తు

శ్రీసుధ స్టీలు గ్లాసులోని నీళ్ళు బకెట్‌లోకి వంపేసింది. గ్లాసులో వేలాడుతున్న రెండు ఉక్కు పుల్లలూ పొడిగా మిగిలాయి. నీళ్ళు లేవని తెలియగానే బోర్డు మీద ఎర్ర లైటు వెలగాలి, బజర్ మోగాలి. పది సెకన్లు చూసింది. ఇరవై సెకన్లు చూసింది. పచ్చ లైటు అలాగే వెలుగుతోంది.

అంతకు రెండు నిమిషాల ముందు ఇంట్లో కరెంటు ఇలా పోయి అలా వచ్చింది. ఫ్యాను ఆగనైనా ఆగలేదు. పొద్దున్నుంచీ అదే వరస. రాత్రి గాలివానకి ఎక్కడో తీగల మీద కొమ్మలు పడ్డాయట.

బోర్డు స్విచ్ ఆపింది. కాసేపాగి మళ్ళీ వేసింది. వెంటనే ఎర్ర లైటు వెలిగింది, బజర్ గది అదిరేలా మోగింది. అంతా సరిగ్గానే ఉంది. గ్లాసు నింపి పచ్చ లైటు రానిచ్చి, ఈసారి స్విచ్‌ను రెప్పపాటులో ఆపి వేసింది. అలా రెండుసార్లు చేసినా ఏమీ కాలేదు. మూడోసారి చేసి నీళ్ళు వంపేస్తే బోర్డు కిమ్మనలేదు. పచ్చ లైటే.

ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది.

చోడవరంలో అత్తవారింటి పై గదిలో శ్రీసుధ రెండేళ్ళుగా ఇలాంటి బోర్డులు చేస్తోంది. అంతకు ముందు ఎనిమిదేళ్ళు హైదరాబాదులో ఒక కంపెనీలో చిప్పులకు ప్రోగ్రాములు రాసింది. ఇప్పుడు టేబుల్ మీద ఉన్నది రోలుగుంటలోని ఒక మిల్లు అడిగిన బోర్డు. అచ్చం ఇలాంటిదే, ఇదే ప్రోగ్రాముతో, బుచ్చయ్యపేట దాటాక సత్యారావు గారి ఉప్పుడు బియ్యం మిల్లులో ఎనిమిది నెలలుగా నడుస్తోంది. అక్కడ స్టీలు గ్లాసు లేదు. ఊకతో మండే బాయిలర్ ఉంది. లోపల నీటిమట్టం తగ్గితే పంపును తిప్పడం, మరీ తగ్గితే బజర్ మోగించి ఊక పోసే మోటారును ఆపేయడం ఆ బోర్డు పని.

టేబుల్‌కి ఆ చివర ఎమ్యులేటర్ ఉంది. చెప్పుల డబ్బా అంత పెట్టె, దాని నుంచి వెడల్పాటి కేబుల్, కేబుల్ చివర అచ్చం చిప్పులాగే పిన్నులున్న తల. బోర్డులోంచి చిప్పు తీసేసి ఆ చోట ఈ తల గుచ్చితే, చిప్పు చేసే పనంతా పెట్టె చేస్తుంది. అసలు చిప్పు లోపలి మెమరీలో ఏముందో బయటి నుంచి చూడలేం. ఎమ్యులేటర్‌లో ఆ మెమరీకి బదులు పెట్టెలోని మెమరీ వాడుతుంది కాబట్టి, ఒక్కొక్క గడిలో ఏ అంకె ఉందో కంప్యూటర్ తెర మీద చదువుకోవచ్చు. శ్రీసుధ ఆ పెట్టెను పాత సామాన్లలో వెతికి తెచ్చుకుంది. ప్రోగ్రామంతా దాని మీదే పరీక్షించింది. దాని మీద ఈ తప్పు ఒక్కసారీ రాలేదు.

చిప్పు పీకేసి ఎమ్యులేటర్ తల గుచ్చింది. కరెంటు ఎన్నిసార్లు తీసి వేసినా బోర్డు బుద్ధిగా పనిచేసింది. ఎర్ర లైటు రావలసినప్పుడల్లా వచ్చింది. శ్రీసుధ తెర మీద ఎమ్యులేటర్ సెట్టింగులు తెరిచింది. అక్కడ ఒక వరస పక్కన టిక్కు ఉంది. మొదలైన ప్రతిసారీ మెమరీ మొత్తాన్ని సున్నాలతో నింపమని దాని అర్థం. ఆ టిక్కు ఆమె పెట్టింది కాదు, పెట్టెతోనే వచ్చింది. దాని గురించి ఎప్పుడూ ఆలోచించనే లేదు.

టిక్కు తీసేసింది. మెమరీని తోచిన అంకెలతో నింపి బోర్డును మొదలుపెట్టింది. గ్లాసు ఖాళీగానే ఉంది.

పచ్చ లైటు.

ఏ గడి వల్ల అలా జరుగుతోందో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. బాయిలర్‌ను కడిగే రోజున నీళ్ళు తీసేస్తే బజర్ ఒకటే అరుపని సత్యారావు గారు చెప్తే, అన్నిటికన్నా చివర ఒక బటన్ చేర్చింది. అది నొక్కితే మెమరీలో ఒక గడిలో గుర్తు పడుతుంది. ఆ గుర్తు ఉన్నంతసేపూ బోర్డు పుల్లల వంక చూడదు. పంపు తిప్పదు. పచ్చ లైటు మాత్రం వెలిగిస్తుంది. బోర్డుకి కరెంటు రాగానే ఆ గడిని సున్నా చెయ్యమని ప్రోగ్రాంలో ఒక్క వరస రాయాలి. రాయలేదు. ఎమ్యులేటర్ తనంతట తానే సున్నా చేసి పెట్టేది కాబట్టి ఆ లోటు బయటపడలేదు. అసలు చిప్పులో కరెంటు నిదానంగా పోయి వస్తే ఆ గడి ఎలాగో సున్నాతోనే మొదలయ్యేది. రెప్పపాటులో పోయి వస్తే మాత్రం ఏదో ఒక చెత్త అంకె మిగిలిపోతోంది. సున్నా కాని ప్రతి అంకెనూ బోర్డు కడిగే రోజు గుర్తుగానే తీసుకుంటోంది.

శ్రీసుధ గోడ గడియారం చూసింది. పదీ పది. మిల్లుకీ ఇదే లైను. పొద్దున్నుంచి ఎన్నిసార్లు కరెంటు రెప్ప వేసిందో లెక్కపెట్టబోయి మానేసింది. ఒక్కసారి చాలు. పంపు తిరగకపోతే గంటన్నరలో లోపలి గొట్టాలు నీళ్ళు లేక బయటపడతాయని బాయిలర్ ఆపరేటర్ పరదేశి ఒకసారి చెప్పాడు. ఎర్రగా కాలిన గొట్టాల మీద అప్పుడు చల్లటి నీళ్ళు పడితే ఏమవుతుందో కూడా అతనే చెప్పాడు. కొన్నేళ్ళ కిందట ఏదో ఊళ్ళో మిల్లు గోడలు ఎంత దూరంలో పడ్డాయో చేత్తో చూపించాడు.

పరదేశికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. సత్యారావు గారికి చేసింది. ఆయన అనకాపల్లిలో ఎక్కడో రద్దీలో ఉన్నాడు.

"ఏటమ్మా సుధా?"

"సత్యారావు గారూ, బోర్డులో తప్పుంది. బాయిలర్లో నీళ్ళు లేకపోయినా పచ్చ లైటు చూపిస్తుంది. మిల్లులో ఎవరు దొరికినా చెప్పండి. ఊక ఆపెయ్యాలి. బోర్డు స్విచ్ ముట్టుకోకూడదు. నీళ్ళు పెట్టకూడదు. అందరూ బయటికి వచ్చెయ్యాలి."

"స్విచ్చా? ఇనపడతంనేదమ్మా, ఇక్కడ మైకులు. సర్లే, పరదేశికి సెప్తాను." ఫోన్ పెట్టేశాడు.

మళ్ళీ చేస్తే ఆ లైను దొరకలేదు. ఆమె మెట్లు దిగుతుంటే కింద గదిలో మామగారు కామేశం పేపరు దించి చూశారు. ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు.

"ఏమయిందమ్మా? మొహం అలా పాలిపోయింది?"

రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన లేచి నిలబడ్డారు.

"ఇప్పుడు బోర్డు ఆపి మళ్ళీ వేస్తే?"

"నీళ్ళు లేవని అప్పుడు తెలుస్తుంది మావయ్య గారూ. తెలియగానే పంపు తిప్పుతుంది."

ఆయన స్కూటర్ తాళం అందించారు. "నేను ఫోన్లు చేస్తూ ఉంటాను. ఫైర్ స్టేషన్‌కి కూడా చెప్తాను. నువ్వు జాగ్రత్త."

బోర్డు బిగించిన రోజున పరదేశికి తాను చెప్పిన మాట ఊరు దాటాక గుర్తుకొచ్చింది. ఏదైనా తేడాగా అనిపిస్తే స్విచ్ ఆపి మళ్ళీ వెయ్యండి, అదే సర్దుకుంటుంది. నవ్వుతూ చెప్పింది. అతను తల ఊపి, రెండుసార్లు ఆపి వేసి నేర్చుకున్నాడు. ఇప్పుడు పంపు తిరగడం లేదని కనిపెడితే అతను చేసే మొదటి పని అదే.

దారిలో ఒకచోట విరిగిన కొమ్మ రోడ్డు మీదికి పడి ఉంది. లైన్‌మన్‌లు స్తంభం ఎక్కి తీగ సవరిస్తున్నారు. బండి దిగి, పక్కనున్న తుప్పల్లోంచి తోసుకుంటూ దాటించింది. చీర అంచు ముళ్ళకి పట్టుకుని చిరిగింది. ఆగలేదు. ఏ క్షణంలోనైనా దూరం నుంచి ఒక శబ్దం వినిపిస్తుందేమోనని, బండి చప్పుడులోనూ చెవులు అటే ఉన్నాయి. ఎదురుగా వచ్చే ప్రతి మనిషి మొహంలో ఏదో వార్త ఉందేమోనని చూసింది.

మిల్లు పొగగొట్టం కనబడేంత దగ్గరికి వచ్చాక ఫోన్ మోగింది. సత్యారావు.

"పరదేశి ఇప్పుడే దొరికేడమ్మా. ఊక కుప్ప కాడున్నాడంట. లైటు పచ్చగానే ఉందంట. పంపే పొద్దున్నుంచి తిరగనేదంట. నువ్వు సెప్పినట్టే స్విచ్ ఆపి ఎయ్యమన్నాను."

"వద్దన్నాను కదండీ!" ఆమె అరిచింది. "వెయ్యొద్దని చెప్పండి. వెంటనే చెప్పండి!"

"ఆపి ఎయ్యమన్నావనుకున్నానే..."

ఫోన్ సంచిలో పడేసి యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పింది. గేటులో బండి ఆపిందో పడేసిందో తరవాత ఆమెకు గుర్తులేదు. కళ్ళంలో ఆరబోసిన ధాన్యాన్ని ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కాళ్ళతో తిరగతోడుతున్నారు. బాయిలర్ షెడ్డు వాళ్ళకి ముప్ఫై అడుగుల దూరంలో ఉంది. షెడ్డులోకి అడుగు పెట్టగానే ఎప్పుడూ ఉండే ఆవిరి వాసన కాకుండా, ఉత్త మూకుడు పొయ్యి మీద మరిచిపోయినప్పటి వాసన కొట్టింది.

పరదేశి గోడకున్న బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. లైట్లన్నీ ఆరిపోయి ఉన్నాయి. ఆపేశాడు. ఎడమచేత్తో చెమట తుడుచుకుంటున్నాడు, కుడిచేతి వేలు స్విచ్ మీద ఉంది.

"పరదేశి గారూ!"

మంటకి గాలి కొట్టే బ్లోయర్ హోరులో ఆ కేక అతనికి చేరలేదు. ఆమె పరుగెత్తి రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ తూలారు.

"ఓలమ్మ! ఏటమ్మా ఇది? వచ్చేవా? నీకే ఫోన్ సేద్దామనుకుంటన్నాను."

"వెయ్యొద్దు. లోపల నీళ్ళు లేవు. వేస్తే పంపు తిరుగుతుంది."

"నీళ్ళు నేకపోటమేటి? ఇప్పుడిదాకా పచ్చ లైటే కదా?"

"ఆ లైటు అబద్ధం. తప్పు నాది. మీరు చూడండి, మీకు తెలుస్తుంది."

అతను ఆమె మొహంలోకి చూశాడు. యాభై దాటిన మనిషి, ఇరవై ఏళ్ళుగా బాయిలర్ల దగ్గరే బతికాడు. బాయిలర్ ముందున్న గాజు గొట్టం వైపు వెళ్ళాడు. నీటిమట్టం చూపించాల్సిన ఆ గొట్టం లోపలంతా మడ్డి పట్టి గోధుమరంగుకి మారిపోయింది. పచ్చ లైటు వచ్చినప్పటి నుంచి దాన్ని రుద్ది కడిగే పని తగ్గిపోయింది. అతను వంగి దాని కింద ఉన్న చిన్న కుళాయి తిప్పాడు. నీటి బొట్టు రాలేదు. బుస్సుమని ఉత్త ఆవిరి వచ్చింది.

కుళాయి కట్టేశాడు.

"ఎల్లిపో," అన్నాడు చాలా మెల్లగా.

"నేనేం చెయ్యను?"

"ఆ ఆడోల్లని రోడ్డు దాటించీ. బేగి. ఈ పక్కకి ఎవుర్నీ రానీకు."

"మీరు?"

"మంట సల్లార్చాల. ఊక్కి నిప్పు ఒకపాలి అంటుకుంటే మోటారు ఆపితే ఆరదు." ఊక మోటారు ఆపేశాడు. బ్లోయర్ ఆపేశాడు. ఒక్కసారిగా షెడ్డు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఇనుము టిక్కు టిక్కుమని చిన్నగా పలకడం వినిపించింది. అంతకన్నా భయంకరమైన శబ్దం ఆమె అంతవరకూ వినలేదు.

"ఆవిరి వదిలేస్తే?"

"ఒద్దు. దేన్నీ కదపకూడదు. పోమ్మా, నీకు దండం పెడతాను."

ఆమె కళ్ళంలోకి పరుగెత్తింది. ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కులాంటి చిన్నతల్లి నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"బాయిలర్ పేలొచ్చు. అందరూ రోడ్డవతలికి పదండి!"

"గింజలో? మబ్బు పట్టింది, తడిసిపోతే మమ్మల్నంటారు."

"గింజలొద్దు అమ్మా, గింజలొద్దు! రండి!"

చిన్నతల్లి షెడ్డు వైపు చూసింది. బ్లోయర్ హోరు ఆగిపోవడం అప్పుడు గమనించినట్టుంది. తలగుడ్డ లాగేసి, "ఒసే, రండే! పరిగెట్టండి!" అని ఒక్క కేక వేసింది. పక్కనే నీడలో పడుకోబెట్టిన పసిపిల్లను ఎవరో ఎత్తుకున్నారు. అందరూ గేటు దాటి, రోడ్డు దాటి, చెరకు చేను గట్టు కిందికి దిగారు.

"పరదేశేడీ?" అంది చిన్నతల్లి.

శ్రీసుధ వెనక్కి తిరిగి గేటు దాకా వెళ్ళింది. అక్కడి నుంచి షెడ్డు లోపల అతను కనబడుతున్నాడు. పొయ్యి నోటి ముందు నిలబడి బూడిద కుప్పలోంచి పారతో బూడిద ఎత్తి లోపలికి కొడుతున్నాడు. వంగడం, లేవడం, కొట్టడం. రమ్మని అరవాలనిపించింది. అరిస్తే పని ఆపి తిరిగి చూస్తాడేమోనని అరవలేదు. లోపలికి వెళ్ళి రెండో పార పట్టుకోవాలనిపించింది. కాళ్ళు కదలలేదు. ఆ తరవాత చాలా రోజులు, కదలని ఆ కాళ్ళ గురించే ఆమె ఆలోచించింది.

అప్పుడు వచ్చింది ఆ శబ్దం. పేలుడు కాదు. ఒక పెద్ద అరుపు, రైలు చెవి పక్కనే కూత వేసినట్టు. పొయ్యి నోట్లోంచి తెల్లటి ఆవిరీ బూడిదా కలిసి ఒక్క ఉరుకున బయటికి వచ్చి షెడ్డంతా నిండిపోయాయి. పరదేశి కనబడలేదు.

ఈసారి కాళ్ళు కదిలాయి. ఆవిరిలో దారి తెలియక గోడ తడుముకుంటూ వెళ్తుంటే, ఎదురుగా పాకుతూ వస్తున్న మనిషి తగిలాడు. చంకల కింద చేతులు వేసి లాగింది. ఎవరో రెండో పక్క పట్టుకున్నారు. చిన్నతల్లి. ఇద్దరూ అతన్ని కళ్ళంలోకి ఈడ్చుకొచ్చి, ఆరబోసిన గింజల మీద పడుకోబెట్టారు. కుడి చెయ్యి మోచేతి దాకా తోలు ఊడి ఎర్రగా ఉంది. మెడ, ఒక చెంప కమిలిపోయాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"సీసం కరిగింది," అన్నాడు దగ్గుతూ. "ఇంక పేలదు."

బాయిలర్ లోపల సీసం లాంటి మెత్తటి లోహంతో బిగించిన ప్లగ్గు ఒకటి ఉంటుంది. నీళ్ళు లేక వేడి మీరితే అది కరిగి, ఆవిరి పొయ్యిలోకే దూకి మంటను చంపేస్తుంది. చివరికి ఆదుకున్నది అది. అప్పటికే బూడిద కింద మంట సగం చల్లారి ఉండకపోతే అదీ సరిపోయేది కాదేమోనని రెండు రోజుల తరవాత వచ్చిన బాయిలర్ ఇన్‌స్పెక్టర్ అన్నాడు. స్విచ్ వేసి ఉంటే ఏమయ్యేదని శ్రీసుధ అడిగింది. ఆయన కళ్ళం వైపు, ఆ వెనక రోడ్డు వైపు చూసి, ఆ సంగతి వదిలెయ్యమన్నాడు.

ఇన్‌స్పెక్టర్ రాకముందు సత్యారావు ఆమెను పక్కకి పిలిచాడు. "లైను కరెంటు తేడా వల్ల బోర్డు పాడయిందని సెప్పీమ్మా. అది అబద్ధం కూడా కాదు కదా? నీకూ నాకూ గొడవుండదు."

"కరెంటు పోయి రావడం ఇక్కడ రోజూ ఉన్నదేనండీ. దానికి తట్టుకునేలా రాయాల్సింది నేను. రాయలేదు." ఆ మాటే కాగితం మీద పెట్టి సంతకం చేసింది. ఎమ్యులేటర్ మెమరీని సున్నాలతో ఎలా నింపేదో, అసలు చిప్పులో ఏం మిగిలేదో, ఎక్కడ ఏ వరస లేదో అన్నీ రాసింది. రోలుగుంట వాళ్ళకి ఫోన్ చేసి బోర్డు ఇప్పుడు ఇవ్వలేనని చెప్పింది. పై గదిలో ఆ టిక్కు తీసేసి, ఇక నుంచి ప్రతిసారీ మెమరీని చెత్త అంకెలతో నింపి మొదలుపెట్టేలా మార్చింది. ఆ పని చేస్తున్నంతసేపూ పక్క కుర్చీలో కామేశం గారు కూర్చున్నారు.

పరదేశిని అనకాపల్లి ఆసుపత్రిలో చేర్చారు. నాలుగో రోజు శ్రీసుధ వెళ్ళేటప్పటికి అతను నిద్రలో ఉన్నాడు. చేతికి కట్టు, మెడకి ఏదో తెల్లటి మందు. మంచం పక్కన స్టూలు మీద అతని భార్య రాజ్యం కూర్చుని ఉంది. శ్రీసుధ ఆమెను అంతకు ముందు చూడలేదు. తన పేరు చెప్పింది.

"నువ్వేనా, బోర్డు సేసినావిడవి?" అంది రాజ్యం.

"అవునండీ."

"నువ్వొచ్చి సెయ్యి పట్టుకోబట్టి బతికేనంటన్నాడు."

ఆ మాటని అలా వదిలెయ్యడం చాలా తేలిక.

"అది నిజమేనండీ. కానీ ఆయన ఆ స్విచ్ దగ్గరికి వెళ్ళింది నా వల్లే. తేడా వస్తే ఆపి వెయ్యమని చెప్పింది నేను. నీళ్ళు లేకుండా చేసింది కూడా నేను రాసిన ప్రోగ్రామే. ఒక్క వరస రాయడం మర్చిపోయేను."

"ఒక్క వరసేనా?"

"ఒక్కటే."

రాజ్యం భర్త కట్టు వంక చూసింది. అతని ఒంటి మీద దుప్పటి మడత సరిచేసింది. ఆమె తిడుతుందని శ్రీసుధ ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది.

"కడుపుకి తిన్నావా?" అంది రాజ్యం చివరికి.

శ్రీసుధ తల అడ్డంగా ఊపింది.

"నేనూ తిన్నేదు. మందులు కూడా తేవాల. ఆడు లేచి నీళ్ళడుగుతాడు. సెంచాతో పట్టాల, గ్లాసుతో పడితే పొలమారతంది." చెంగు దోపుకుని, చీటీ తీసుకుని లేచింది. "కూకో ఇక్కడ. నేనొచ్చేదాకా ఎల్లకు."

శ్రీసుధ స్టూలు మీద కూర్చుంది.